రెండు పంజాల జంపఖానా

పన్నెండడుగుల వెడల్పు జంపఖానా నేయడం ఒక్క మనిషి పని కాదు. నేతగాళ్ళుండే కొత్తవాడలో ఎవరిని అడిగినా ఆ మాటే చెబుతారు. మగ్గం ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. నాలుగు కాళ్ళూ మగ్గం కింది గుంటలోకి దించి తొక్కుడుచెక్కలను ఒక్కసారే తొక్కాలి. ఎవరి దిక్కు రంగుపోగు వాళ్ళు అల్లుకుంటూ మధ్యకు రావాలి. ఆపైన ఇనుపపళ్ళ పంజా పట్టుకుని ఇద్దరూ ఒకే బలంతో కొట్టి ఆ పోగును దిగ్గొట్టాలి. ఒకరు గట్టిగా, ఒకరు మెత్తగా కొట్టారో, జంపఖానా తాగినవాడిలా ఒక పక్కకు ఒరుగుతుంది. మొగుడూ పెళ్ళాల జోడీ కుదరకున్నా సంసారం ఎట్లాగో ఈడ్వచ్చు గానీ, పంజాల జోడీ కుదరకుంటే ఒక్క రోజు కూడా సాగదు.

రాజవ్వ, మొగిలమ్మ అట్లా కుదిరిన జోడీ. ఇద్దరూ తోటికోడళ్ళు. రాజవ్వకు అరవై రెండు, మొగిలమ్మకు యాభై ఐదు. మొగిలమ్మ కొత్తకోడలిగా ఆ ఇంట్లో కాలుపెట్టిన తొమ్మిదో నాడే అత్త ఆమె చేతికి పంజా ఇచ్చి రాజవ్వ పక్కన కూర్చోబెట్టింది. అప్పటినుంచీ రాజవ్వది ఎడమ, మొగిలమ్మది కుడి. అత్తా పోయింది, మామా పోయాడు. మొగిలమ్మ పెనిమిటి కైలాసం చనిపోయి పదేళ్ళయింది. పిల్లలు పెళ్ళిళ్ళయి తలా ఒక ఊరు పట్టారు. జోడీ మాత్రం చెదరలేదు. నేస్తున్నంతసేపూ చేతులతో పాటు నోళ్ళూ ఆడుతుండేవి. ఎవరి కోడలు ఎవరినేమన్నది, పోచమ్మమైదాన్‌లో కూరగాయలాయన తూకంలో ఎంత నొక్కాడు, ముప్పై ఏళ్ళ కిందట ఎవరి పెళ్ళిలో పప్పు మాడితే ఎవరు అలిగి విస్తరి ముందు నుంచి లేచిపోయారు, అన్నీ పోగుతో పాటు ఆ జంపఖానాల్లోకి పోయినవే.

అట్లాంటి రాజవ్వ మూడేళ్ళుగా మగ్గం మీద నిలిచి కూర్చోవడం లేదు. గంటకోసారి లేచేది. ఏమంటే పొయ్యి మీద పాలు అనేది, బిందె కింద పెట్టి వచ్చాను అనేది, ఎవరో పిలిచినట్టుంది అనేది. ఇంటి వెనక సందులోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుని, కాసేపటికి ముఖం కడుక్కుని వచ్చేది. జోడీలో ఒకరు లేస్తే రెండోవాళ్ళ చెయ్యి కూడా ఆగుతుంది కదా. మొగిలమ్మ పంజా ఒళ్ళో పెట్టుకుని గోడను చూస్తూ కూర్చునేది.

అసలు సంగతి రాజవ్వ ఒక్కదానికే తెలుసు. మూడేళ్ళ కిందట చలికాలంలో దగ్గు పట్టుకుని నెల రోజులు వదల్లేదు. ఒకనాడు మగ్గం మీద గట్టిగా దగ్గేసరికి కింద, చెప్పుకోలేని చోట, నిమ్మకాయంత మెత్తటిదేదో జారి తగిలింది. పడుకుంటే లోపలికి పోయేది. లేచి నాలుగు పనులు చేసేసరికి మళ్ళీ దిగేది. ఏడాది తిరిగేసరికి కోడిగుడ్డంత అయింది. సందులోకి పోయి వేళ్ళతో లోపలికి నెట్టుకుని, పాతచీర పేలికను గోచిలా బిగించి కట్టుకుని వచ్చేది. మూత్రం ఒక పట్టాన వచ్చేది కాదు, వస్తే ఆగేది కాదు.

గర్భసంచి జారడం ఆమెకు తెలియని సంగతేమీ కాదు. వాడలో ఇద్దరు ముగ్గురికి జారితే చూసింది. కానీ తనకు సంచే లేదాయె! ఇరవై ఎనిమిదేళ్ళ కిందట నెలసరి ఆగకుండా పోతుంటే ఒక నర్సింగ్‌హోమ్‌లో సంచి చెడిపోయిందన్నారు, పెద్దాపరేషన్ చేసి తీసేశారు. తీసినదాన్ని పళ్ళెంలో పెట్టి తెచ్చి పెనిమిటి సదానందానికి చూపించారు కూడా. సదానందం అది చూసి బయటికి పోయి గోడకానుకుని నిలబడ్డాడు. "ఇగ నీకు ఆడరోగం అన్నది రాదమ్మా, పీడ పోయింది" అని అక్కడి ఆయా రాసిచ్చినంత నమ్మకంగా చెప్పింది.

మరి సంచి లేనప్పుడు జారేది ఏమిటి? రాజవ్వ చాలా రోజులు ఆలోచించి తేల్చుకుంది. పేగు. ఇల్లు ఖాళీగా ఉంటే పక్కింటివాడు సామాను తెచ్చి పెట్టుకున్నట్టు, సంచి ఖాళీ చేసిన జాగాలోకి పేగు దిగుతోంది. ఇవాళ కోడిగుడ్డంత దిగింది, రేపు మూరెడు దిగుతుంది. మొత్తం దిగిననాడు మనిషి ఉండదు.

అట్లా తేల్చుకున్నాక ఆమె చేసిన మొదటి పని తిండి తగ్గించడం. నిండిన పేగు బరువు, ఖాళీ పేగు తేలిక అని ఆమె లెక్క. పొద్దున చాయ, మధ్యాహ్నం పిడికెడు, రాత్రి పిడికెడు. నీళ్ళు గుటకలతో సరి. పేగు ఎండిపోయి దొడ్డికి రాక ముక్కీ ముక్కీ కళ్ళలో నీళ్ళు వచ్చేవి. ముక్కినకొద్దీ అది ఇంకాస్త దిగేది. దిగినకొద్దీ ఆమె ఇంకో ముద్ద తగ్గించేది. ఒకసారి చుట్టాల పెళ్ళి అని అబద్ధమాడి రైలెక్కి నెక్కొండ పోయి, బొడ్డు పట్టే ముసలమ్మతో పొట్ట మీద దీపం పెట్టించుకుని, ఆ పీల్పుకు పేగు పైకొస్తుందని చెంబు బోర్లించుకుంది. చెంబు గట్టిగానే పట్టింది. పొట్ట మీద గుండ్రంగా కమిలిన మచ్చ పడింది. జారేది మాత్రం జారుతూనే ఉంది.

ఆ శ్రావణంలో నేతగాళ్ళ సొసైటీ వాళ్ళు ఒక పెద్ద జంపఖానా నేయమన్నారు. ఎర్రటి నేల మీద నీలం పువ్వులు. సగం దాకా వచ్చాక ఒక పొద్దున మొగిలమ్మ పంజా కింద పెట్టి, నేసిన బట్ట మీద జానతో కొలిచి చూసింది. మళ్ళీ కొలిచింది.

"అక్కా, జర ఇటు చూడు. నీ దిక్కు నాలుగు వేళ్ళు ముందటికి పోయింది. పోగు దిగుతనే లేదు. పంజ కొడుతానవా, పసిపోరన్ని జోకొడుతానవా?"

రాజవ్వకు తెలుసు. గట్టిగా కొడితే ఆ ఊపుకు కింద బరువు దిగుతుందని భయపడి ఆమె చాలా రోజులుగా పంజా తేలిగ్గా ఆనిస్తోంది.

"చెయ్యి గుంజుతాందే."

"చెయ్యి గుంజితే చెయ్యి పట్టుకోవాలె గని, గంటకోపారి సందులకు ఉరుకుడేంది? మూడేండ్ల సంది చూస్తాన. నాతోని కూసునుడు ఇష్టం లేకుంటే మొఖం మీద చెప్పు. ఎదురింటి ప్రేమలతను కూసోబెట్టుకుంట. అది కూసున్నదంటే బువ్వయాళ్ళ దాంక లేవదు."

"ప్రేమలత ఎడమ దిక్కు కూసుంటదా?"

"మరి నా నెత్తి మీద కూసుంటదా?"

మొగిలమ్మ నాలుగు వేళ్ళ మేర పోగు విప్పడం మొదలుపెట్టింది. పువ్వు ఒక్కొక్క రేకు చొప్పున ఊడిపోతోంది. రాజవ్వ ఊడిన రంగుపోగును ఒళ్ళోకి లాక్కుని ఉండ చుట్టసాగింది. మూడేళ్ళుగా చావు గురించే ఆలోచించింది. చావంటే ఒక భయం, అంతే. కానీ తాను బతికుండగానే ఆ ఎడమ చోట ప్రేమలత చీరకుచ్చెళ్ళు సర్దుకుని కూర్చోవడం, మొగిలమ్మ ముచ్చట్లన్నీ ఆమె చెవిలో పడడం, ఇది మాత్రం ఓర్చుకోవడం తన వల్ల కాదనిపించింది.

"మొగిలీ," అంది మెల్లగా, "నాకు పేగు జారుతాంది."

"ఏడికి జారుతాంది?"

రాజవ్వ చెప్పింది. మొదటిసారి ఇంకొక మనిషికి. చెబుతున్నంతసేపూ తలెత్తలేదు, ఒళ్ళో ఉన్న రంగునూలు ఉండను విప్పుతూ చుడుతూ ఉంది. మొగిలమ్మ చేతిలో పోగు ఆగిపోయింది.

"సంచి లేని దానికి జారుడేంది, లేని కొడుక్కు లగ్గం చేసినట్టు! లే. ఇంట్లకు నడువు. నాకు చూపెట్టు."

"శరం లేదానే నీకు?"

"నీ బిడ్డ సంధ్యారాణి పుట్టంగ పక్కన కూసొని నీ కాళ్ళు పట్టుకున్న. గప్పుడు లేని శరం ఇప్పుడు ఏడికెల్లొచ్చిందే? లే!"

లోపలి గదిలో మొగిలమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని, సెల్‌ఫోన్ లైటు వేసి చూసింది. లైటు అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఆ కాసేపట్లో రాజవ్వ మనసులోనే ఇంటిల్లిపాదికీ అప్పగింతలు పెట్టేసుకుంది.

"అక్కా, ఇది పేగు తీరు లేదు. పేగు నేను మేకలు కోసేకాడ మస్తు చూసిన. గిట్లుండదు. రేపు పొద్దుగాల హనుమకొండ దవాఖానకు పోదాం."

"మీ బావకు చెప్పకు."

"చెప్ప. నడుమునొప్పి అని చెప్త. ఎట్లైన నడుము కిందనే కదా."

*

హనుమకొండ దవాఖానలో చీటీ రాయించుకుని, బల్ల మీద రెండు గంటలు కూర్చున్నాక పేరు పిలిచారు. డాక్టరు పేరు స్నేహలత. నలభై ఏళ్ళుంటాయి, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు.

"ఏమైందమ్మా?"

"నడుమునొప్పి మేడం," అంది రాజవ్వ.

"నడుము కాదు మేడం, కింద జారుతాంది," అంది మొగిలమ్మ. "చెప్పుమని రెండు బస్సులు మారి తీస్కొస్తే, ఈడికొచ్చి నడుమంటది."

పరీక్ష అయ్యాక రాజవ్వ చీర సర్దుకుంటూ, అడగకుండా ఉండలేక అడిగేసింది. "పేగేనా బిడ్డా? ఎన్ని దినాలుంటది నా పానం?"

డాక్టరమ్మ రాస్తున్న కలం ఆపింది. "పేగని ఎవరు చెప్పిండ్రు నీకు?"

"ఎవలు చెప్తరు? సంచి లేదు. ఇంకేమున్నది జారేటందుకు?"

"పొద్దున ఏం తిన్నవ్?"

"చాయ."

"రాత్రి?"

"పిడికెడంత. పేగు నిండితే బరువైతది గద."

డాక్టరమ్మ నవ్వలేదు. కుర్చీని కాస్త ముందుకు జరుపుకుంది. "అమ్మా, నేను చెప్పేది ఇద్దరూ మంచిగ వినుండ్రి. లోపల ఒక దారి ఉంటది. పిల్లలు వచ్చే దారి. దాని పైభాగాన్ని, సంచిని కలిపి కొన్ని నరాలసొంటి తాళ్ళు పైకి గుంజి పట్టుకుంటయి. సంచి తీసినంక ఆ దారి పైభాగం ఆ తాళ్ళ మీదనే నిలబడాలె. కాన్పులు, బరువులు, నెల రోజుల దగ్గు, నువ్వు ముక్కిన ముక్కుడు, పైగా వయసు. తాళ్ళు సాగినయి. తిరగేసిన రైక చెయ్యి తీరు ఆ దారే లోపలికెల్లి బయటికి తిరగబడుతాంది. నీకు తగిలేది ఆ గోడ. పేగు దాని ఎనుక ఉంటది, ఉంటే ఉండనీ. అది గోడ చీల్చుకొని రాదు. ఇది క్యాన్సర్ కాదు. దీంతోని ఎవరూ చావరు."

ముందుగా తేరుకున్నది మొగిలమ్మ.

"అంటే మేడం, జంపఖానను మగ్గం మీదికెల్లి కోసినంక కొసలు ముడెయ్యాలె. లేకుంటే పోగంత జారుతది. మా అక్కకు ముడేసిండ్రు గని, వదులైందన్నట్టు."

"గంతే!" అంది డాక్టరమ్మ. "మల్ల ముడెయ్యాలె, అంతే. నా దగ్గర చదువుకునే పిల్లలకు ఇంత మంచిగ చెప్పలేకపోతాన నేను."

"మరి తినొచ్చునా?" అంది రాజవ్వ. ఆమె చెవికి చివరి మాటలేవీ ఎక్కలేదు.

"కడుపునిండ తినాలె. నీళ్ళు తాగాలె. ఆకుకూర, జొన్నరొట్టె, పండు. ముక్కుడు ఉండొద్దు. తినకనే ఇంత దూరం తెచ్చుకున్నవ్."

బయటికి వచ్చి రోడ్డు దాటగానే ఒక హోటలుంది. రాజవ్వ మూడు పూరీలు తింది. ఆలుగడ్డ కూర రెండోసారి వేయించుకుంది. నాలుగో పూరీని మొగిలమ్మ పళ్ళెంలోంచి తీసుకుంది. మొగిలమ్మ చాయ చల్లార్చుకుంటూ తోటికోడలి దవడలు ఆడడం చూస్తూ కూర్చుంది. "మూడేండ్ల ఆకలే నీది," అని ఆగి, "ఇంకోటి తెప్పియ్యాల్నా?" అంది.

*

డాక్టరమ్మ వెంటనే కత్తి పట్టలేదు. ముందు ఒక రబ్బరు రింగు పెట్టింది. గోడను లోపల ఆపుతుంది, కొందరికి దానితోనే ఏళ్ళు గడుస్తాయి, ఆపరేషన్ అక్కరలేకుండా పోతుంది అంది. రాజవ్వ రెండు వారాలు హాయిగా తిరిగింది. కానీ ఆమె చేసేది మగ్గం పని. గుంటలోకి కాళ్ళు దించి రోజంతా తొక్కేదానికి రింగు ఎక్కడ నిలుస్తుంది? ఒక సాయంత్రం చూసుకుంటే రింగు లేదు. సందులో వెతికింది, మంచం కింద వెతికింది. ఎవరిని అడగాలి? ఏమని అడగాలి?

మర్నాడు పొద్దున సదానందం తొక్కుడుచెక్కలకు తాడు మార్చడానికి గుంటలోకి దిగాడు. పైకి వచ్చి, చేతిలో గుండ్రంగా ఏదో పట్టుకుని కడిగి, ఎండకు పెట్టి చూశాడు.

"రాజవ్వా, కుక్కర్ వాషర్ గుంటల పడ్డదేందే? నిన్న రాత్రి సీటీ రాక పప్పు ఉడకలేదంటివి గద. ఇగో, దొరికింది." అంటూ వంటింట్లోకి నడిచి కుక్కరు మూత తీసి బిగించబోయాడు. "దీనికి పట్టుతలేదేంది?"

రాజవ్వ గోడకు అంటుకుపోయింది. మొగిలమ్మ మగ్గం దగ్గరే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, ఊపిరాడక చేతులతో నేల కొడుతోంది.

"బావా... బావా... అది అండ్ల పెట్టకు... నీ పుణ్యముంటది!"

ఆ నవ్వులోనే అంతా బయటపడింది. మొగిలమ్మే చెప్పింది, నవ్వు ఆపుకుని ఆపుకుని. సదానందం రింగు చేతిలో పట్టుకుని గడప మీద కూర్చున్నాడు. ముందు ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత ముఖం మారింది.

"మూడేండ్లా?" అన్నాడు. "నా వంట నచ్చక తింటలేవనుకున్న. పగటిపూట బువ్వ నేనే వండుత గద. అలిగినవేమో అనుకున్న."

"అలిగితే చెప్పనా?"

"ఆనాడు పళ్ళెంల పెట్టి చూపెడితే తలకాయ ఊపిన నేను. తీసుడు అవసరమా, తీస్తే ఎనుక ఏమైతది, ఒక్క మాట అడగలే."

"అడిగితే చెప్తురా వాళ్ళు?" అంది రాజవ్వ. ఆమెకు ఆశ్చర్యం. ఇంత మాట దాచుకుని ఇరవై ఎనిమిదేళ్ళు ఈ మనిషి కూడా తిరిగాడన్నమాట.

సదానందం ఆ మధ్యాహ్నం ఇద్దరికీ ఎదురుగా కూర్చుని, రాజవ్వ రెండోసారి వడ్డించుకునేదాకా లేవలేదు. మర్నాడు ముగ్గురూ కలిసి డాక్టరు దగ్గరికి పోయారు.

"రింగు నిలబడలే, ఇగ కుట్టుడే," అంది డాక్టరమ్మ. "పొట్ట కొయ్యం. కిందికెల్లే చేస్తం. జారిన పైభాగాన్ని లోపల వెన్ను దిక్కు గసొంటిదే ఇంకో గట్టి తాడుకు కుట్టి నిలబెడ్తం. వదులైన గోడలను సరిచేస్తం. నడుముకు సూది ఇస్తం, సోయిలనే, మెలకువగనే ఉంటవ్ గని నొప్పి తెల్వదు."

రాజవ్వ చావు గురించి అడగలేదు. "మగ్గం మీద కూసుంటనా?" అంది.

"మూడు నెలలు వద్దు. గొంతుకూసునుడు వద్దు, బిందె ఎత్తుడు వద్దు. తర్వాత నేను చూసి చెప్త. మల్ల జన్మల జారదని రాసియ్యలేనమ్మా. చాలమందికి మంచిగ నిలబడుతది. నువ్వు మలబద్ధకం రానియ్యకుంటే, బరువు ఎత్తకుంటే, నీకు నిలబడుతదనే నా నమ్మకం."

అబద్ధం చెప్పలేదు కాబట్టే రాజవ్వకు ధైర్యం వచ్చింది. ఇంతకు ముందు పీడ పోయిందని చెప్పినవాళ్ళనూ ఆమె నమ్మింది మరి.

*

రక్తం, షుగరు, గుండె అన్నీ చూశారు. బుధవారం పొద్దున పచ్చగౌను తొడిగి లోపలికి తీసుకుపోయారు. నడుముకు సూది పడ్డాక కాళ్ళు తనవి కానట్టు అయ్యాయి. అడ్డంగా పచ్చ గుడ్డ కట్టారు. అవతల డాక్టరమ్మ మాట వినిపిస్తూనే ఉంది; దారం అడిగింది, ఇంకో దారం అడిగింది, మధ్యలో సిస్టరును "మీ పిల్లకు జ్వరం తగ్గిందా?" అని అడిగింది. పిల్లజ్వరం గురించి అడుగుతున్నారంటే తన ప్రాణానికి ఢోకా లేదని రాజవ్వ నిమ్మళించింది. తల దగ్గరున్న మత్తు డాక్టరుతో కొత్తవాడ ముచ్చట్లు మొదలుపెట్టింది. మధ్యలో కాసేపు నిద్ర కూడా పోయింది.

బయట మొగిలమ్మ బల్ల మీద కూర్చోలేక, సదానందాన్ని కూర్చోనివ్వక, వచ్చిన ప్రతి సిస్టరునూ అడిగింది. గంటన్నరకు డాక్టరమ్మ బయటికి వచ్చి మాస్కు దించి, "ముడి గట్టిగ పడ్డది," అన్నాక గానీ మొగిలమ్మ బల్ల మీద కూర్చోలేదు.

రెండు రోజులు మూత్రానికి గొట్టం ఉంది. మూడో రోజు పొద్దున వినోద సిస్టరు గొట్టం తీసేసింది. "అవ్వా, ఇగ నీ అంతల నువ్వు పోవాలె. ఆరు గంటల్ల. ఇగో ఈ మగ్గుల పోసి నాకు చూపెట్టు. రాకుంటే మల్ల గొట్టం పెడుత."

ఇప్పుడు వచ్చింది రాజవ్వకు అసలు పరేషాను. మూడేళ్ళు ఆగమంటే ఆగనిది ఇప్పుడు రమ్మంటే రాదు. నీళ్ళు తాగింది. పరకాల నుంచి కూతురు సంధ్యారాణి తెచ్చిన సగ్గుబియ్యం జావ తాగింది. బాత్రూముకు పోయి వచ్చింది. లేదు. మళ్ళీ పోయింది. లేదు. వార్డులో పది మంచాల ఆడవాళ్ళకు ఇదే ముచ్చట అయింది. ఒకామె నడవమంది, ఒకామె నవ్వమంది. కిటికీ పక్క మంచమామె, అదే ఆపరేషన్ కోసం వచ్చినదే, "వదినే, బిగపట్టకు, ఏదన్న యాది చేసుకో," అంది.

"ఏం యాది చేసుకోవాల్నమ్మా గిసొంటి దానికి?"

మొగిలమ్మ ఆమెను నాలుగోసారి లోపలికి తోలి, నల్లా విప్పి, తలుపు బయట నిలబడి గట్టిగా మొదలుపెట్టింది. "అక్కా, మన పెద్దాడబిడ్డ లగ్గంల వాన పడ్డది యాదికున్నదా? పందిరంత కారంగ పెండ్లికొడుకు మీద గొడుగు పట్టుమంటే, మీ మరిది ఏం పట్టిండు? జంపఖాన పట్టిండు. అది తడిసి తడిసి..."

లోపల రాజవ్వ పకపకా నవ్వింది. నవ్వుతో పాటే వచ్చింది. ధారగా, ఆగకుండా, నొప్పి లేకుండా. వార్డు వార్డంతా ఆ చప్పుడు విన్నది, సిగ్గు లేకుండా విన్నది. వినోద సిస్టరు మగ్గు ఎత్తి చూసి, "శెభాష్ అవ్వా! మూడువందల ఎమ్మెల్!" అంది. కిటికీ పక్క మంచమామె చప్పట్లు కొట్టింది. రాజవ్వ గోడ పట్టుకుని మంచం దాకా నడిచి వచ్చింది. నడుస్తుంటే కాళ్ళ మధ్య ఏమీ లేదు. మూడేళ్ళలో మొదటిసారి అక్కడ ఏమీ లేదు. మంచం మీద కూర్చుని, ఎవరూ ఏమీ అనకపోయినా, కళ్ళు తుడుచుకుంది.

*

ఇంటికి వచ్చాక మూడు నెలలు ఆమెది కుర్చీ కొలువు. మగ్గం పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చునేది. ఎడమ చోట్లో ప్రేమలత కూర్చోలేదు, సదానందం కూర్చున్నాడు. ఆయన ఒంటరిగా చిన్న జంపఖానాలు నేసిన మనిషి. జోడీ నేత తెలియదు. పంజా పట్టుకుంటే తలుపు తట్టినట్టు కొడతాడు.

"బావా, గట్ల కాదు, నా తోని కొట్టు. ఒకటి, రెండు!"

"నేను రెండుకే కొట్టిన."

"నువ్వు రెండున్నరకు కొట్టినవ్!"

రాజవ్వ కుర్చీలోంచి ఇద్దరినీ తిట్టేది. సంధ్యారాణి రాసిచ్చిన కాగితం గోడకు అతికించి ఉంది: రోజుకు ఎన్ని చెంబుల నీళ్ళు, ఏ మందు ఎప్పుడు. డాక్టరమ్మ నేర్పిన కసరత్తు, లోపలి కండను బిగించి వదలడం, కుర్చీలో కూర్చునే చేసుకునేది. బయటికి ఎవరికీ తెలియదు కానీ మొగిలమ్మకు ఆమె ముఖం చూస్తే తెలిసేది. ఎర్రనేల నీలంపువ్వుల జంపఖానా ఎట్లాగో పూర్తయింది. కొసన కొంచెం ఒరిగింది. సొసైటీ ఆయన పరిచి, తల పక్కకు వంచి చూసి, తీసుకుపోయాడు.

పుష్యమాసంలో డాక్టరమ్మ పరీక్ష చేసింది. దగ్గమంది, ముక్కమంది. గట్టిగా దగ్గింది రాజవ్వ, భయపడుతూ. ఏదీ కదల్లేదు.

"నిలబడ్డది," అంది డాక్టరమ్మ. "కూసో ఇగ. ముందు గంట, తర్వాత రెండు గంటలు. బిందెలు మాత్రం మీ ఆయనే మొయ్యాలె."

మర్నాడు పొద్దున కొత్త పడుగు ఎక్కించారు. రాజవ్వ గుంట అంచున కూర్చుని, ఒక కాలు దించి, రెండో కాలు దించింది. తొక్కుడుచెక్క అరికాలికి చల్లగా తగిలింది. మొదటి పోగు అల్లి మధ్యకు వచ్చింది. పంజా ఎత్తింది, ఎత్తి అట్లాగే ఆగింది.

"కొట్టు," అంది మొగిలమ్మ ఆమె వంక చూడకుండా.

కొట్టింది. రెండు పంజాలు ఒక్కటే చప్పుడు చేశాయి. మళ్ళీ కొట్టింది. ఏమీ కాలేదు. తర్వాత పోగులు లెక్కలేకుండా పోయాయి. మొగిలమ్మ మొదలుపెట్టింది: ప్రేమలత కోడలు పుట్టింటికి పోయి మూడు వారాలైందట, ఎందుకు పోయిందంటే దాని వెనక పెద్ద కథే ఉందట. కథలోంచి ఇంకో కథ వచ్చింది. అందులో ఎవరిది తప్పో ఇద్దరికీ కుదరక వాదులాడుకున్నారు. గంటే కూర్చోమన్న డాక్టరు మాట ఇద్దరికీ యాదికి రాలేదు. పసుపురంగు అంచు పోయింది, ఆకుపచ్చ వచ్చింది, మొదటి పువ్వు సగానికి విచ్చుకుంది. కిటికీలోంచి పడే ఎండ మగ్గం మీదినుంచి జరిగి గోడ ఎక్కింది.

వంటింట్లోంచి సదానందం గరిటెతో గిన్నె మీద కొట్టాడు.

"ఓ నేతగాళ్ళూ! మూడైతాంది! పప్పుచారు రెండుమాట్ల వెచ్చజేసిన. వస్తరా, నేను తిని పండాల్నా?"

"నువ్వు తిను," అంది రాజవ్వ పోగు లాగుతూ. "ఈ పువ్వైనంక వస్తం. మొగిలీ, ఆగినవేందే? ఇంతకు గా పిల్ల ఏమన్నదన్నవ్?"